డ్యూక్ ఎలింగ్టన్: బ్యాండ్ ఆయనది, మరి పాట ఎవరిది?



'విప్‌లాష్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. 2014లో వచ్చింది. డ్రమ్స్ నేర్చుకునే ఒక కుర్రాడు, వాడిని పీడించే ఒక మాస్టారు, చేతులు చిట్లి రక్తం కారేదాకా ప్రాక్టీసు. క్లైమాక్సులో వాడు వాయించేది 'కారవాన్' అనే పాట. ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఆ ఒక్క సీను మా వింగులో ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. ఆ పాట 1936 నాటిది అని మాత్రం ఎవరికీ తెలీదు.

ఆ పాట మీద మూడు పేర్లుంటాయి. హువాన్ టిజోల్, డ్యూక్ ఎలింగ్టన్, ఇర్వింగ్ మిల్స్. బాణీ ప్రధానంగా టిజోల్ది. ఆయన ప్యూర్టోరికో నుంచి వచ్చిన ట్రాంబోన్ వాద్యగాడు, ఎలింగ్టన్ బ్యాండులో ఉద్యోగి. మిల్స్ ఆ బ్యాండుకి మేనేజరు, పాటల పబ్లిషరు. టిజోల్ తన హక్కుల్ని 25 డాలర్లకి మిల్స్‌కి అమ్మేశాడు. పాట ప్రపంచమంతా తిరిగాక, మళ్ళీ వెళ్ళి అడిగితే, రాయల్టీలో కొంత వాటా ఇచ్చారు. అదీ అడిగినందుకు.

మరి ఎలింగ్టన్ ఏం చేశాడు? ఈ ఎపిసోడంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఎందుకంటే 20వ శతాబ్దపు అమెరికన్ సంగీతంలో అందరికంటే గొప్పవాడు ఎవరు అంటే చాలామంది చెప్పే పేరు ఈయనదే. వెయ్యికి పైగా రచనలు. యాభై ఏళ్ళు ఆపకుండా నడిపిన బ్యాండ్. అదే మనిషి గురించి, "ఆ బాణీ నాది, పేరు ఆయనది" అని ఆయన సొంత మనుషులే గొణుక్కున్న కథలు కూడా బోలెడు.

ముందు బిగ్ బ్యాండ్ అంటే ఏంటో చెప్పుకుందాం. మన పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండ్ మేళం చూస్తాం కదా, ట్రంపెట్లు, క్లారినెట్, పెద్ద డ్రమ్ము. వాద్యాలు దాదాపు అవే. దాన్ని తీసుకెళ్ళి కుర్చీల్లో కూర్చోబెట్టండి. ముందు వరసలో శాక్సోఫోన్లు, వెనక ట్రాంబోన్లు, ఆ వెనక ట్రంపెట్లు, పక్కన పియానో, బాస్, డ్రమ్స్. మొత్తం 15 మంది దాకా. అందరూ కలిసి వాయించే భాగం కాగితం మీద రాసుంటుంది, మధ్యలో ఒక్కొక్కరు లేచి నిలబడి అప్పటికప్పుడు మనోధర్మంతో వాయిస్తారు. జనం డాన్సు చేస్తారు. 1930లలో అమెరికాకి ఇదే సినిమా పాట, ఇదే డీజే, ఇదే అన్నీ.

ఎడ్వర్డ్ కెన్నెడీ ఎలింగ్టన్ 1899 ఏప్రిల్ 29న వాషింగ్టన్ డీసీలో పుట్టాడు. తండ్రి బట్లరు, తర్వాత నేవీలో బ్లూప్రింట్లు తయారుచేసే ఉద్యోగం. అమ్మానాన్నా ఇద్దరూ పియానో వాయించేవాళ్ళు. డబ్బున్న ఇల్లు కాదు గానీ పద్ధతి గల ఇల్లు. పిల్లాడి బట్టలూ మాటతీరూ చూసి ఒక స్నేహితుడు 'డ్యూక్' అన్నాడు, అంటే దొర. అదే పేరైపోయింది.

కుర్రాడికి బొమ్మలు బాగా వచ్చు. న్యూయార్క్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ స్కాలర్‌షిప్ వస్తే వద్దన్నాడు. సైన్ బోర్డులు రాసే పని మొదలుపెట్టాడు. ఇక్కడ ఆయన వ్యాపార బుద్ధి చూడండి. ఎవరైనా వచ్చి "డాన్సు పార్టీ ఉంది, పోస్టరు రాసిపెట్టు" అంటే, "మ్యూజిక్ ఎవరిది?" అని అడిగేవాడు. ఇంకా ఎవర్నీ అనుకోలేదు అంటే, "నేను వాయిస్తా" అనేవాడు. పోస్టరుకి డబ్బులు, పాటకి డబ్బులు. ఇరవై ఏళ్ళు నిండేలోపే పెళ్ళి, కొడుకు. కొడుకు పేరు మెర్సర్, ఇతను మళ్ళీ కథలోకి వస్తాడు.

1923లో న్యూయార్క్ వెళ్ళాడు. వాషింగ్టోనియన్స్ అనే చిన్న బ్యాండు, మరుసటి ఏడాదికి దానికి తనే నాయకుడు. అప్పటికి అది పది బ్యాండ్లలో ఒక బ్యాండ్. దాన్ని మార్చింది బబ్బర్ మైలీ అనే ట్రంపెట్ వాద్యగాడు. సింకు జామ్ అయితే కర్రకి ఉండే రబ్బరు కప్పుతో కొడతాం చూడండి, ఆ కప్పుని ట్రంపెట్ మూతి దగ్గర పెట్టి, గొంతులోంచి గుర్రుమంటూ ఊదేవాడు. ట్రంపెట్ మాట్లాడుతున్నట్టు, ఏడుస్తున్నట్టు, తిడుతున్నట్టు ఉంటుంది. 'బ్లాక్ అండ్ టాన్ ఫాంటసీ' అని 1927 రికార్డు ఉంది, వినండి. హాయిగా డాన్సులు చేసుకునే రోజుల్లో ఆ పాట చివర షోపెన్ శవయాత్ర సంగీతంతో ముగుస్తుంది.

డ్యూక్ అసలు ప్రతిభ ఇక్కడ పట్టుబడుతుంది. మైలీ ధ్వనిని విని, ఈ ధ్వని చుట్టూ ఏం రాస్తే బాగుంటుంది అని ఆలోచించాడు. మామూలుగా బ్యాండ్ కాగితాల మీద 'మూడో ట్రంపెట్', 'రెండో ట్రాంబోన్' అని ఉంటుంది. ఎవరొచ్చి కూర్చున్నా వాయించాలి. డ్యూక్ కాగితాల మీద మనుషుల పేర్లుండేవి. ఆ మనిషి పెదవుల బలం, ఊపిరి, అలవాట్లు, బలహీనతలు, అన్నీ తెలిసి, ఆ మనిషికే రాసేవాడు. ఒక మనిషి వెళ్ళిపోతే పాటని మళ్ళీ రాయాల్సి వచ్చేది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది ఘోరమైన డిజైన్. ఒక మనిషి మీద సిస్టమ్ ఆధారపడకూడదు, ఎవరు మానేసినా పని ఆగకూడదు అని మొదటి రోజే నేర్పుతారు. డ్యూక్ సరిగ్గా దానికి వ్యతిరేకంగా కట్టాడు. అందుకే ఆ ధ్వనిని ఎవ్వరూ కాపీ కొట్టలేకపోయారు.

1927 డిసెంబర్లో కాటన్ క్లబ్‌లో ఉద్యోగం. హార్లెమ్ అంటే న్యూయార్క్‌లో నల్లజాతి వాళ్ళు ఉండే పేట. ఆ పేట నడిమధ్యలో ఉన్న క్లబ్బు. స్టేజి మీద వాయించేది, ఆడేది నల్లవాళ్ళు. టేబుళ్ళ దగ్గర కూర్చునేది తెల్లవాళ్ళు. నల్లవాళ్ళకి కస్టమర్లుగా ప్రవేశం లేదు. ఓనరు ఓనీ మాడెన్ అనే గ్యాంగ్‌స్టరు. లోపల అలంకరణ పత్తి తోటల్లాగా, బానిసల కాలంలాగా. డ్యూక్ సంగీతానికి వాళ్ళు తగిలించిన పేరు 'జంగిల్ మ్యూజిక్'. దీన్ని ఆయన ఎలా భరించాడు అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆయన చేసింది ఏంటంటే, రాత్రికి రాత్రి కొత్త ప్రయోగాలు చేసుకున్నాడు. రోజూ వాయించే స్థిరమైన చోటు, జీతం, కొత్త డాన్సులకి కొత్త పాటలు కావాలనే ఒత్తిడి. పైగా ఆ క్లబ్బు నుంచి రేడియో ప్రసారాలుండేవి. ఆ గుమ్మం దాటి లోపలికి రాలేని మనుషులు కూడా దేశమంతా ఇళ్ళల్లో కూర్చుని విన్నారు.

ఈ ఉద్యోగం రావడంలో మిల్స్ పాత్ర ఉంది. మిల్స్‌ని పూర్తి విలన్‌గా చూపిస్తే కథ సులువవుతుంది కానీ నిజం అలా లేదు. రికార్డింగ్ కంపెనీలు, రేడియో, 1933లో యూరప్ టూరు, ఇవన్నీ ఆయన పుణ్యమే. ఒక నల్లజాతి సంగీతకారుణ్ణి కేవలం డాన్సు బ్యాండ్ వాడిగా కాక 'కంపోజర్' అని మార్కెట్ చేసినవాడు ఆయనే. దానికి బదులుగా ఎలింగ్టన్ సంపాదనలో సగానికి దగ్గరగా వాటా, పాటల మీద తన పేరు. 1939దాకా అలా నడిచింది.

'మూడ్ ఇండిగో' సంగతి చెప్తాను, 1930. బ్యాండులో క్లారినెట్ వాయించే బార్నీ బిగార్డ్ ఒక బాణీ తెచ్చాడు. దాని మూలం న్యూ ఆర్లీన్స్‌లో ఆయన గురువు లొరెంజో టియో దగ్గరుంది. డ్యూక్ మాత్రం అమ్మ వంట పూర్తిచేసేలోగా పదిహేను నిమిషాల్లో రాసేశానని చెప్పుకునేవాడు. రెండూ కొంతవరకు నిజమే అయ్యుండొచ్చు. ఎందుకంటే ఆ పాటలో మాయ బాణీలో కంటే అమరికలో ఉంది. మామూలుగా క్లారినెట్ పై స్థాయిలో, ట్రంపెట్ మధ్యలో, ట్రాంబోన్ కింద వాయిస్తాయి. డ్యూక్ ట్రంపెట్‌ని పైన పెట్టి, దాని పక్కనే ట్రాంబోన్‌ని ఎత్తు స్థాయిలో పెట్టి, రెంటికీ మూతలు బిగించి మెత్తగా చేసి, క్లారినెట్‌ని బాగా కింద మంద్రంలో వదిలాడు. మూడే మూడు వాద్యాలు. వింటుంటే అవి ఏ వాద్యాలో పోల్చుకోలేం. ఇంకేదో నాలుగోది కూడా మోగుతున్నట్టు అనిపిస్తుంది. బాణీ ఒకరిది, ఆ రంగు ఇంకొకరిది. బిగార్డ్‌కి పేరు, వాటా రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

జానీ హాడ్జెస్ అని ఆయన బ్యాండులో ఆల్టో శాక్సోఫోన్ వాద్యగాడు. ఆ కాలంలో అంత తియ్యగా వాయించేవాడు ఇంకొకడు లేడు. ఆయన ఊరికే ఊదుకునే చిన్న చిన్న బాణీ ముక్కల్ని డ్యూక్ పట్టుకుని పాటలు చేసేవాడు. తర్వాత ఆ పాట స్టేజి మీద వస్తుంటే, హాడ్జెస్ పియానో వైపు తిరిగి వేళ్ళతో నోట్లు లెక్కపెడుతున్నట్టు సైగ చేసేవాడట. ట్రాంబోన్ లారెన్స్ బ్రౌన్ అయితే డ్యూక్ మొహం మీదే, నువ్వు కంపోజరువి కాదు, ఏరుకొచ్చి కూర్చేవాడివి అన్నాడని చెబుతారు.

సాఫ్ట్‌వేర్లో 'గిట్ బ్లేమ్' అని ఒక కమాండ్ ఉంటుంది. ఏ లైను ఎవరు, ఏ రోజు రాశారో పేరుతో సహా చూపిస్తుంది. నేను ఉద్యోగం చేసేటప్పుడు ఒక క్లయింట్ కాల్‌లో, నేను మూడు నెలలు కూర్చుని రాసిన మాడ్యూల్‌ని మా పైనున్నాయన "నేను కట్టాను" అని చెప్పడం హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. మ్యూట్‌లో ఉన్నాను, అలాగే ఉండిపోయాను. కాబట్టి హాడ్జెస్ సైగ నాకు బాగా అర్థమవుతుంది. కానీ ఒక తేడా ఉంది, అది కూడా చెప్పాలి. హాడ్జెస్ 1951లో బ్రౌన్‌ని, డ్రమ్మర్ సానీ గ్రీర్‌ని వెంటబెట్టుకుని బయటికి వెళ్ళి సొంత బ్యాండు పెట్టాడు. నాలుగేళ్ళకి తిరిగొచ్చాడు. మళ్ళీ చనిపోయేదాకా డ్యూక్ దగ్గరే. గిట్ బ్లేమ్ లైన్లు లెక్కపెడుతుంది, ఆ లైన్లని ఒక చోట నిలబెట్టిన వాడిని లెక్కపెట్టదు.

ఇప్పుడు అసలు మనిషి. బిల్లీ స్ట్రేహార్న్.

1938 డిసెంబర్, పిట్స్‌బర్గ్. స్ట్రేహార్న్‌కి 23 ఏళ్ళు. షో అయ్యాక తెర వెనక డ్యూక్‌ని కలిసి, ఆయన పాటే పియానో మీద వాయించాడు. మొదట అచ్చం డ్యూక్ లాగా, తర్వాత నేనైతే ఇలా అని ఇంకోలాగా. డ్యూక్ అక్కడికక్కడే న్యూయార్క్ రమ్మన్నాడు. ఇంటికి ఎలా రావాలో దారి చెప్పాడు, సబ్‌వేలో 'ఏ' ట్రెయిన్ ఎక్కమని. ఆ దారినే స్ట్రేహార్న్ పాటగా కట్టాడు. 'టేక్ ది ఏ ట్రెయిన్'. అయితే అది మరీ ఇంకో బ్యాండు పద్ధతిలో ఉందనుకుని చెత్తబుట్టలో పడేస్తే, డ్యూక్ కొడుకు మెర్సర్ దాన్ని బయటికి తీశాడని చెప్పుకుంటారు.

ఆ పాట బయటికి రావడానికి కారణం మాత్రం ఒక రాయల్టీ గొడవ. అమెరికాలో పాటల రచయితల సంఘం ఆస్కాప్. రేడియో స్టేషన్ల దగ్గర ఫీజు పెంచమంది. స్టేషన్లు కుదరదు, మీ సభ్యుల పాటలు వెయ్యనే వెయ్యం అన్నాయి. 1941 జనవరి 1 నుంచి బంద్. డ్యూక్ ఆస్కాప్ సభ్యుడు. అంటే తన పాటలు తనే రేడియోలో వాయించలేడు! స్ట్రేహార్న్, మెర్సర్ సభ్యులు కారు. ఇద్దరు కుర్రాళ్ళూ కూర్చుని బ్యాండుకి మొత్తం కొత్త పాటలు రాసిపెట్టారు. 'ఏ ట్రెయిన్' 1941 ఫిబ్రవరిలో రికార్డయింది, బ్యాండుకి సిగ్నేచర్ ట్యూన్ అయింది. ఇప్పటికీ ఎలింగ్టన్ పేరు చెప్పగానే ముందు గుర్తొచ్చే పాట అదే. రాసింది ఎలింగ్టన్ కాదు.

ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు ఇద్దరూ కలిసి రాశారు. డ్యూక్ ఊళ్ళు తిరుగుతూ అర్ధరాత్రి ఫోన్ చేసి, ఇక్కడిదాకా రాశాను, మిగతాది నువ్వు చెయ్యి అనేవాడు. ఎక్కడ ఒకరు ఆపి ఇంకొకరు మొదలుపెట్టారో పండితులు ఇప్పటికీ చేతిరాత చూసి తేలుస్తున్నారు. స్ట్రేహార్న్‌కి జీతం, కాంట్రాక్టు లాంటివి లేవు. అద్దె, బట్టలు, ఖర్చులు డ్యూక్ చూసుకునేవాడు. ప్రేమ ఉంది, లెక్క లేదు. 1950ల మొదట్లో తన పేరు ఉండాల్సిన చోట లేదని తెలిసి స్ట్రేహార్న్ కొంత దూరం జరిగాడు, తర్వాత మళ్ళీ వచ్చాడు. ఇంకో విషయం కూడా ఉంది. స్ట్రేహార్న్ స్వలింగ సంపర్కుడు, 1940లలో దాన్ని దాచుకోకుండా బతికిన మనిషి. వెలుగులోకి వస్తే ఆ బతుకు సాగదు. డ్యూక్ నీడలో ఉంటే ఎవరూ ఏమీ అడగరు. ఆ నీడ ఆయన్ని కాపాడింది, ఆయన పేరుని కప్పేసింది కూడా. నేను ఇందులో తీర్పు చెప్పలేను.

యుద్ధం తర్వాత బిగ్ బ్యాండ్లు వరసగా మూతపడ్డాయి. 15 మందికి జీతాలు, ప్రయాణాలు ఎవరివల్ల అవుతాయి? కౌంట్ బేసీ అంతటివాడు 1950లో చిన్న గ్రూపుకి దిగాడు. డ్యూక్ ఆపలేదు. పాటల రాయల్టీ డబ్బుల్ని తెచ్చి జీతాలు కట్టాడు. అంటే ఏ పాటల గురించి గొడవో, ఆ పాటల డబ్బే ఆ మనుషుల ఇళ్ళల్లో పొయ్యి వెలిగించింది. ఎందుకయ్యా అంటే, రాసింది వెంటనే వినాలి నాకు, దానికి బ్యాండ్ కావాలి అనే అర్థంలో చెప్పేవాడు. 1955 వేసవిలో పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందంటే, న్యూయార్క్‌లో ఈతగాళ్ళు నీళ్ళల్లో విన్యాసాలు చేసే షోకి వెనక సంగీతం వాయించారు.

ఆ మరుసటి ఏడే న్యూపోర్ట్. 1956 జులై 7, రాత్రి బాగా పొద్దుపోయింది, జనం లేచి వెళ్తున్నారు. 1937లో రాసిన ఒక పాత జోడు పాట ఎత్తుకున్నారు. రెండింటి మధ్య ఖాళీలో పాల్ గొన్సాల్వెస్ శాక్సోఫోన్ అందుకున్నాడు. బ్లూస్‌లో 12 బార్లకి ఒక చుట్టు, మన ఆవర్తనం లాగా అనుకోండి. గొన్సాల్వెస్ 27 చుట్లు ఆపకుండా వాయించాడు. ఆరేడు చుట్లు అయ్యేసరికి ఒకావిడ లేచి డాన్సు మొదలుపెట్టింది, తర్వాత వేలమంది కుర్చీల మీద నిలబడ్డారు. వచ్చే నెల టైమ్ పత్రిక ముఖచిత్రం డ్యూక్. నేను 1956లో న్యూపోర్ట్‌లో పుట్టాను అని చెప్పుకునేవాడు తర్వాత.

దీని వెనక ఒక టెక్నికల్ కథ ఉంది, నాకు అది భలే ఇష్టం. గొన్సాల్వెస్ వాయించింది తప్పు మైకు ముందు. అది రికార్డు కంపెనీ మైకు కాదు, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్ళది. కంపెనీ టేపులో ఆ సోలో దూరంగా, పల్చగా పడింది. అందుకని అప్పట్లో వచ్చిన ఆల్బమ్‌లో చాలా భాగం స్టూడియోలో మళ్ళీ వాయించి చప్పట్లు కలిపారు. 1990లలో రేడియో వాళ్ళ టేపు దొరికింది. ఒక టేపు ఎడమ చెవికి, ఇంకోటి కుడి చెవికి పెట్టి, వేగాలు సరిచేసి కలిపితే, స్టీరియోలో అసలు రాత్రి బయటపడింది. 1999లో విడుదలైంది. వింటే అదే వినండి.

1963లో అమెరికా విదేశాంగ శాఖ ఈ బ్యాండుని మధ్యప్రాచ్యం, దక్షిణాసియా దేశాలకి పంపింది. మన దేశానికీ వచ్చారు. ఢిల్లీలో డ్యూక్ జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. మద్రాసు, బొంబాయి, కలకత్తా కూడా వాళ్ళ దారిలో ఉన్నాయి. అప్పటికి మన తెలుగు సినిమా పాటంతా మద్రాసులోనే తయారవుతోంది, 'నర్తనశాల' విడుదలైంది ఆ అక్టోబర్లోనే. ఇక టూరు నడుస్తుండగానే సెప్టెంబర్ 15న బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి వాళ్ళ చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ దేశం తరఫున మర్యాదగా సూటు వేసుకుని వచ్చిన మనిషిని, మీ దేశంలో నల్లవాళ్ళ పరిస్థితేంటి అని విలేకరులు అడిగారు. ఆయన జాగ్రత్తగా జవాబులిచ్చాడు. నవంబర్లో కెన్నెడీ హత్యతో టూరు మధ్యలోనే ఆగింది.

ఆ ప్రయాణం నుంచి వచ్చిందే 'ఫార్ ఈస్ట్ స్వీట్'. ఒక్క జపాన్ ముక్క తప్ప అందులో ఉన్న ఊళ్ళేవీ దూరప్రాచ్యం కాదు, అది వేరే సంగతి. 'ఆగ్రా' ఉంది. ఢిల్లీలో స్ట్రేహార్న్ గదిలో వినిపించిన మైనా కూతతో ఇంకో ముక్క ఉంది. అన్నిటికంటే అందమైనది 'ఇస్‌ఫహాన్', హాడ్జెస్ వాయించాడు. ఇరాన్ నగరం పేరు. కానీ స్ట్రేహార్న్ దాన్ని ఆ ఊరు చూడకముందే వేరే పేరుతో రాశాడు. ఆల్బమ్ మీద మామూలుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

1965లో పులిట్జర్ జ్యూరీ ఎలింగ్టన్ జీవితకాల కృషికి ప్రత్యేక గుర్తింపు ఇవ్వమంది. బోర్డు కాదంది. ఆ ఏడు సంగీతానికి ప్రైజే ఇవ్వలేదు. జ్యూరీలో ముగ్గురుంటే ఇద్దరు రాజీనామా చేశారు. డ్యూక్‌కి అప్పుడు 66 ఏళ్ళు. చిన్న వయసులోనే మరీ పేరు రాకూడదని విధి నా మీద దయ చూపిస్తోంది అనే అర్థంలో నవ్వేశాడు. 1999లో, ఆయన శతజయంతి ఏడాది, ఇచ్చారు. అప్పటికి ఆయన పోయి పాతికేళ్ళు.

స్ట్రేహార్న్ 1967 మే 31న అన్నవాహిక క్యాన్సర్‌తో చనిపోయాడు, 51 ఏళ్ళకే. ఆఖరి రచన ఆసుపత్రిలో పూర్తిచేసి బ్యాండుకి పంపాడు, పేరు 'బ్లడ్ కౌంట్'. కొన్ని నెలలకే డ్యూక్ స్ట్రేహార్న్ రచనలతో ఒక ఆల్బమ్ చేశాడు. డ్యూక్ ఆ తర్వాత ఏడేళ్ళు బతికాడు, రాస్తూనే, తిరుగుతూనే. 1974 మే 24న పోయాడు. అంత్యక్రియలకి 12 వేలమందికి పైగా వచ్చారు. 1927 నుంచి బ్యాండులో ఉంటూ, ఊళ్ళ మధ్య ఆయన్ని కారులో తిప్పిన హ్యారీ కార్నీ ఆ అక్టోబర్లో వెళ్ళిపోయాడు. బ్యాండుని మెర్సర్ తీసుకున్నాడు.

ఏది ముందు వినాలి అంటే, ఆ 1967 ఆల్బమ్ చివర్లో ఉన్న 'లోటస్ బ్లాసమ్' వినండి. సెషన్ అయిపోయింది. వాద్యగాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు. డ్యూక్ పియానో దగ్గరే కూర్చుని స్ట్రేహార్న్ బాణీని ఒక్కడే వాయించుకుంటున్నాడు. టేపు ఆపకుండా ఉంచారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, మొదట్లో వెనక మనుషుల మాటలు, పెట్టెలు మూస్తున్న చప్పుళ్ళు వినిపిస్తాయి. పాట సాగేకొద్దీ అవి ఒక్కొక్కటే తగ్గిపోతాయి.

ఉంటానండి. వచ్చే వారం కలుద్దాం.